అప్పు నోటు మీది వేలిముద్ర

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది దేవరకొండ దగ్గర పల్లె. పుట్టినప్పటి నుండి సంఘంలోనే పెరిగాను. ప్రతి గుడ్ ఫ్రైడే రోజు సిలువపై పలికిన ఏడు మాటల మీద వర్తమానాలు (ప్రసంగాలు) వింటూ ఏడుస్తాను, సాయంత్రానికి ఆ దుఃఖం పోతుంది. సాక్ష్యాల సమయంలో ఉద్యోగం వచ్చినందుకు, జబ్బు నయమైనందుకు వందనాలు చెప్పడం తేలికగానే ఉంటుంది. సిలువ కొరకు వందనాలు అన్నప్పుడు మాత్రం అది అలవాటుగా నోటికొచ్చే మాటలా తోస్తుంది. నాలో కృతజ్ఞత లేదా?
– ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, మీరు ఏడ్చేది యేసు పడిన బాధను తలచుకొని. ఆ కన్నీళ్లను నేను తక్కువ చేయను. అయితే సిలువ మోసుకొని పోతున్న ప్రభువే, తన వెంట ఏడుస్తూ వచ్చిన యెరూషలేము స్త్రీలతో "నా నిమిత్తము ఏడ్వకుడి" అన్నాడు (లూకా 23:28). జాలి ఆయన గాయాలను చూస్తుంది, కృతజ్ఞత ఆ గాయాలు ఎవరి బాకీకి తగిలాయో చూస్తుంది.

కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14లో పౌలు, మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టాడని రాశాడు. అక్కడి గ్రీకు మాట ఖైరోగ్రఫోన్. అప్పు తీసుకున్నవాడు తన చేతితో రాసిచ్చిన కాగితమని దాని అర్థం. ఈ మాట నాకు వ్యాఖ్యానాల కంటే ముందు మా ఇంట్లోనే అర్థమైంది.

నా చిన్నతనంలో నాన్న బోరు వేయించడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేశాడు. నీళ్లు పడలేదు. వడ్డీని అసలులో కలిపి నోటును రెండుసార్లు తిరగరాయించారు; షావుకారు వాకిట్లోకి వస్తే నాన్న పెరటి గుమ్మం గుండా బయటికి పోయేవాడు. ఒక ఎండాకాలం మా మేనమామ తన ఎడ్ల జతను అమ్మి బాకీ కట్టి, ఆ నోటు తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. రెవెన్యూ స్టాంపు మీద సగం, కాగితం మీద సగం పడిన నాన్న వేలిముద్ర నాకు ఇప్పటికీ కళ్ల ముందున్నది. చదువు రాని నాన్న, మొత్తం ఎంతైందో నాతో రెండుసార్లు చదివించుకొని, ఆ తర్వాతనే ఏడ్చాడు.

కాబట్టి కన్నీళ్లు తెచ్చుకోవడానికి కష్టపడకండి, మీ పేరున ఉన్న లెక్కను చదువుకోండి. "నా పాపములు" అని గంపగుత్తగా అనకుండా, ఒక్కొక్కదాన్ని దాని పేరుతో ఒప్పుకోండి. నా లెక్కలో ఒకటి చెబుతాను: పొలం గట్టు తగాదాలో తమ్ముడితో తొమ్మిదేళ్లు మాట్లాడలేదు, ఆ తొమ్మిదేళ్లూ ప్రభువు బల్లలో, అంటే ఆయన మరణాన్ని తలచుకొని రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, పాలుపొందుతూనే వచ్చాను. అది కూడా ఆ మేకుల కింద ఉన్నదని తెలిసిన రోజున సిలువ నాకు వట్టి వర్తమానంగా మిగలలేదు. సంఘాన్ని హింసించిన పౌలు కూడా "నన్ను ప్రేమించి, నా కొరకు" అని ఏకవచనంలోనే రాసుకున్నాడు (గలతీయులకు 2:20).

ఇంకొక సంగతి. రోమీయులు సిలువను ముఖ్యంగా బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసేవారు. రోమా పౌరులకు సాధారణంగా ఆ శిక్ష ఉండేది కాదు. దొరల గడీల ముందు వెట్టిచాకిరీ చేసిన మా తాతల తరానికి, దేవుడు బానిస చావు చచ్చాడన్న మాట ఎంత దగ్గరగా తగిలి ఉంటుందో ఆలోచిస్తే నాకు మాట రాదు. ఆయన అప్పగింపబడిన రాత్రే రొట్టె పట్టుకొని, కృతజ్ఞతాస్తుతులు చెల్లించి విరిచాడు. ముందుగా వందనాలు చెప్పినది బాకీ కట్టబోయేవాడే. వచ్చే ఆదివారం బల్ల దగ్గర మీకు మాటలు రాకపోతే, ఆయన వందనాల పక్కన ఊరికే కూర్చోండి, చాలు.

సాక్ష్యంలో ఏమి చెప్పాలా అని దిగులు పడకండి. మా నాన్న ఎన్నడూ పెద్దగా వందనాలు చెప్పినవాడు కాడు. కందులు ఇంటికి రాగానే మొదటి సంచి మేనమామ ఇంటికి మోసుకుపోయేవాడు. మేనమామ దానిని ఏనాడూ బాకీ కింద జమ కట్టుకోలేదు.