విమానం బోర్లా తిరిగినా గ్లాసులో టీ ఎందుకు ఒలకదు?

చెంబులో నీళ్లు పోసి గిరగిరా తిప్పితే ఒలకవు కదా, విమానంలోనూ అంతేనా అని విజయనగరం నుంచి అడిగారు. సగం వరకు అంతే. గ్లాసుకి నేల ఎటుందో తెలీదండి. కింద బల్ల ఎంత గట్టిగా నెడుతోందో అదొక్కటే తెలుసు. ఆ తోపు నిటారుగా విమానం పైకప్పు వైపే, 1 జీ (నేల మీద మన మామూలు బరువుకి సరిపడే తోపు) దగ్గర ఉంటే టీ కదలదు. అమెరికా విన్యాసాల పైలట్ బాబ్ హూవర్ బారెల్ రోల్ (పీపా లోపలి గోడ వెంబడి పోతున్నట్టు మరచుట్టులా తిరగడం) చేస్తూ గ్లాసులో ఐస్‌ టీ పోసింది ఈ లెక్క మీదే. స్లో రోల్‌లో అయితే కుదరదు. అందులో విమానం సరళరేఖలోనే పోతుంది కాబట్టి బోర్లా పడగానే మైనస్ 1 జీ, టీ పైకప్పుకి కొడుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. బారెల్ రోల్‌లో రెక్కల లిఫ్ట్ (విమానాన్ని మోసే బలం) కూడా విమానంతో పాటే తిరుగుతుంది. ఒక చుట్టు మొత్తం మీద సగటు సున్నా. 6 సెకన్ల రోల్ అనుకోండి, అంతసేపూ విమానాన్ని మోసేది ఏదీ లేనట్టే. విసిరిన రాయిలా సెకనుకు 59 మీటర్ల నిలువు వేగం పోగొట్టుకుంటుంది. బోర్లా ఉన్న క్షణంలో గురుత్వం, లిఫ్ట్ రెండూ కిందికే లాగుతాయి: నేలవైపు త్వరణం 2 జీ, సీట్లో మనిషికి మాత్రం మామూలు బరువే!

ఆ లోటు ముందే పూడ్చాలి. సెకనుకు 100 మీటర్ల వేగంలో ఉండి, 3 సెకన్లు 2 జీతో స్టిక్ (పైలట్ చేతిలోని కర్ర) లాగితే సెకనుకు 29 మీటర్ల పైకెక్కే వేగం వస్తుంది. దారి 17 డిగ్రీలు పైకి తిరుగుతుంది. అప్పుడు 1 జీకి సడలించి, సెకనుకు 60 డిగ్రీల చొప్పున తిప్పాలి. బోర్లా అయ్యేసరికి 62 మీటర్లు లేస్తుంది, అంటే విజయనగరం గంటస్తంభానికి మూడింతలు. తిరిగి నిటారయ్యేసరికి మొదలెట్టిన ఎత్తుకే వస్తుంది గానీ, సెకనుకు 29 మీటర్లతో దిగుతూ ఉంటుంది. మళ్లీ 3 సెకన్లు 2 జీ. కాబట్టి మొదటి నుంచి చివరి దాకా అచ్చంగా 1 జీ అన్నది జరగని పని. 2 జీకి టీ ఒలకదు, గ్లాసు బరువెక్కుతుందంతే. పక్కజారుడు చూపే పరికరంలో బంతి మధ్యలో ఉండేలా రడ్డర్ (తోక మీది నిలువు పలక) సర్దకపోతే మాత్రం పక్కకి ఒలుకుతుంది.

ఎక్కువగా చెడేది ముక్కు చాలినంత ఎత్తకపోవడం వల్ల. పైన వేగం తగ్గి అయిలెరాన్ (విమానాన్ని పక్కకి దొర్లించే రెక్కల పలకలు) పట్టు సడలుతుంది, అక్కడ ఇంకాస్త వెయ్యకపోతే రోల్ నెమ్మదించి, బోర్లా ఉండగానే ముక్కు కిందికి వాలుతుంది. భయంతో స్టిక్ లాగితే సగం లూప్‌లా నేలకేసి పోతుంది, వేగం పెరిగిపోతుంది. స్టిక్ సడలించి, దగ్గరున్న వైపుకి రోల్ పూర్తిచేసి నిటారయ్యాకే లాగాలి.