ఏమనగా...

చి. అమ్మడికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను.

చూశావా, ఉత్తరానికి మొదటి వాక్యం వెతుక్కోనక్కర్లేదు. పెద్దవాళ్ళు ఎప్పుడో రాసి పెట్టేశారు. అందుకే నాకు ఉత్తరం రాయటమంటే ఇప్పటికీ సుఖం.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఆఫీసుకి నాలుగు నెలలు జీతం లేని సెలవు పెట్టి నవల రాస్తున్నావని, అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో వంట చేసే ఆవిడ కథట అని చెప్పింది. జీతం లేని సెలవు అనగానే గుండె గుభేలుమంది. ఫోన్ పెట్టేశాక మాత్రం మీ పెద్దమ్మతో "మన ఇంట్లో ఇంకొకరు రాస్తున్నారే" అని మూడుసార్లు అన్నానట. మూడోసారి ఆవిడ టీవీ సౌండు పెంచింది.

అసలు టెన్షన్ పొద్దున మొదలైంది. మీ అమ్మ వాట్సాప్‌లో నీ గది ఫొటో పంపింది. బల్ల ఎదురుగా గోడ నిండా కాగితాలు. పెద్దది చేసి చూశాను. అన్నీ పేరుమోసిన నవలల మొదటి వాక్యాలే, ఒక్కొక్కటీ ఒక్కో కాగితం మీద అరచేతంత అక్షరాలతో. మూడు వారాలైందట, నీ మొదటి వాక్యం ఇంకా రాలేదట. రోజూ అవి చదవటం, ఒక లైను కొట్టటం, చెరపటం. అన్నం కూడా ఆ గోడ ముందే తింటున్నావట.

రోజూ ఒకే వేళకి కూర్చో. రాసింది రెండు చోట్ల దాచుకో. కళ్ళు మండితే లేచి తిరుగు. టిఫిన్ మానకు. ఇవి చెప్పటానికి పెదనాన్న అక్కర్లేదు. నేను చెప్పాల్సింది ఆ గోడ సంగతి.

మొదటి వాక్యమంటే భయం మన జాతికి కొత్త కాదులే. కావ్యం 'శ్రీ'తో మొదలవ్వాలన్నారు. నన్నయ్య అంతటివాడు కూడా శ్రీకారం చుట్టే భారతం ఎత్తుకున్నాడు. మొదటి పద్యం గణాల్లో మగణం పక్కన రగణం పడితే కవి చస్తాడని కూడా చెప్పుకున్నారు. నీ గోడ ముందు నువ్వు కూర్చున్న తీరు చూస్తే ఆ మాట నిజమయ్యేలా ఉంది.

సరే, ఒక్కొక్కటీ చూద్దాం. పైన ఎడమ పక్క జేన్ ఆస్టిన్, 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'. ఆస్తిపరుడైన బ్రహ్మచారికి భార్య కావాల్సి ఉంటుందన్నది లోకమంతా ఒప్పుకున్న సత్యం అంటుంది. తెనాలిలో ఏ తల్లిని అడిగినా అవునంటుంది. కానీ ఆవిడ అక్కడ పచ్చి అబద్ధం చెబుతోందని రెండు పేజీలు తిప్పగానే తెలుస్తుంది. కథలో బెన్నెట్ గారికి ఐదుగురు ఆడపిల్లలు, ఆయన తర్వాత ఇల్లూ పొలమూ పోయేది ఎవరో దూరపు బంధువుకి. మొగుడు కావాల్సింది ఆస్తి లేని పిల్లలకి, అతనికి భార్య కాదు! ఆ ఎకసెక్కాన్ని పుస్తకం చివరిదాకా మోసింది. అందుకే ఆ వాక్యం నిలబడింది. ఇంకో సంగతి: ఆవిడ ఈ కథ తొలి రూపం రాసినప్పుడు, 1797లో, వాళ్ళ నాన్న ఒక ప్రచురణకర్తకి ఉత్తరం రాస్తే చదవను కూడా చదవకుండా వద్దనేశారు. అచ్చయింది 1813లో. పదహారేళ్ళు. నీకు నాలుగు నెలలే ఉన్నాయని ఏడవకు.

దాని కింద డికెన్స్, 'ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్'. మంచికాలం అదే, చెడ్డకాలం అదే అంటూ వంద మాటలు దాటిన వాక్యం. ఆ నవల 1859లో వారం వారం వచ్చింది, ఆయన సొంత పత్రికలో. సొంత పత్రిక కాబట్టి కోసేవాడు లేడు. నీకు ఆ వసతి లేదు, అది తీసెయ్. 'మోబీ డిక్' మొదట్లో నన్ను ఇష్మాయిల్ అని పిలవమన్న మెల్‌విల్‌ని కూడా తీసెయ్. అది నిజానికి మొదటి వాక్యం కూడా కాదు. దానికి ముందు తిమింగలం అన్న మాట పుట్టుక, ఎక్కడెక్కడి పుస్తకాల్లోంచో ఏరిన తిమింగలాల ప్రస్తావనలు పేజీలకి పేజీలున్నాయి. 1851లో వచ్చిన ఆ పుస్తకం ఆయన బతికుండగా అమ్ముడుపోయింది కూడా అంతంతే.

'1984' రాసిన ఆర్వెల్‌ని ఉంచుకో. ఏప్రిల్‌లో ఒక చలిరోజు, మంచి వెలుతురు, గడియారాలు పదమూడు కొడుతున్నాయి. ఎంత మామూలుగా మొదలుపెట్టి ఎక్కడ చురక వేశాడో! ఆయన చిత్తుప్రతిలో కొన్ని పేజీలు మిగిలాయి. అందులో మొదట రాసింది గడియారాలు కాదు, పది లక్షల రేడియోలు పదమూడు కొడుతున్నాయని. కొట్టేసి దిద్దాడు. చిత్తు ఉంది కాబట్టి దిద్దాడు. నువ్వు ఏం దిద్దుతావు, ఖాళీ కాగితాన్నా? ఆయన ఆ పుస్తకాన్ని జురా అనే దీవిలో క్షయతో దగ్గుతూ రాశాడు. 1949లో వచ్చింది, 1950 జనవరిలో పోయాడు. నీ ఏసీ పద్దెనిమిదిలో ఉందని ఫొటోలోనే కనపడింది. ఇరవై ఆరుకి పెట్టు. చిన్నప్పటి నీ ఆయాసం మీ అమ్మ మర్చిపోయిందేమో, నేను మర్చిపోలేదు.

ఇక గోడ మధ్యలో, అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో పెట్టుకున్నావే, మార్క్వెజ్ 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్', అది చూశాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

1983. నాకు ఇరవై ఎనిమిది. ముందు ఏడాదే ఆయనకి నోబెల్ వచ్చింది. విజయవాడ అలంకార్ సెంటర్లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో అట్ట ఊడిన ఇంగ్లీషు ప్రతి దొరికింది. తిరుగు పాసింజర్లో తెరిచాను. ఎన్నో ఏళ్ళ తర్వాత తుపాకుల ముందు నిలబడ్డప్పుడు, వాళ్ళ నాన్న తనను మంచుగడ్డ చూపించటానికి తీసుకెళ్ళిన మధ్యాహ్నం కల్నల్ ఔరేలియానో బ్వెందియాకి గుర్తుకొస్తుంది... ఒక్క వాక్యంలో వెనకా ముందూ అన్నీ ఉన్నాయి. అలా ఎలా రాశాడా అని తల పట్టుకుని కూర్చుని, తెనాలి దాటిపోయిన సంగతి తెలియక నిడుబ్రోలులో దిగాను.

అప్పటికి నా దగ్గర సగం నవల ఉంది. మూడెకరాల నిమ్మతోట, ముగ్గురు అన్నదమ్ములు, పంపకాలు. ఆరో అధ్యాయంలో తండ్రి మామూలుగా, జ్వరంతో పోతాడు. చెడ్డ నవలేం కాదమ్మడూ. తోటకి నీళ్ళు పెట్టటం, కాయ కోత, మార్కెట్లో బస్తాల బేరం, అన్నీ నాకు తెలిసినవే. ఆ రాత్రి ఇంటికొచ్చి, దాని నెత్తిన ఈ వాక్యం పెట్టాను: "మా నాన్న రెండోసారి చచ్చిపోయిన రోజు ఊళ్ళో కరెంటు లేదు."

వారపత్రికవాళ్ళు రెండు అధ్యాయాలు చూసి సీరియల్‌గా వేస్తామన్నారు. ముప్పై వారాలు. మొదటి వాక్యం అదిరిందన్నారు. మీ తాతయ్యకి చూపించాను. ఆయన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర చెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాడు, నువ్వు చూడలేదు. కళ్ళజోడు పైకి తోసి, "ఒక్కసారి పోవటానికే బోలెడు ఖర్చురా, రెండోసారికి ఎవడు పెడతాడు" అన్నాడు. నేను నవ్వాను.

రెండో వారం నుంచి పాఠకుల కార్డులు మొదలయ్యాయి. మొదటిసారి ఎలా పోయాడండీ? అందరిదీ అదే ప్రశ్న. నిమ్మతోట గురించి ఒక్కరు అడగలేదు. మొదటిసారి ఎలా పోయాడో నాకు తెలిస్తే కదా! వాక్యం బాగుందని పెట్టాను, అంతే. వారం వారం దాటవేశాను. తొమ్మిదో వారానికి పత్రిక నుంచే కబురొచ్చింది, ఆ ముడి విప్పండి అని. అప్పుడు చేశాను ఆ పని. దివిసీమ ఉప్పెన తెచ్చి కథలో పడేశాను. 1977 నవంబర్ 19. ఆ తండ్రి పనిమీద అవనిగడ్డ వెళ్ళాడని, ఉప్పెనలో పోయాడనుకుని ఇంట్లో పెద్దకర్మ కూడా చేశారని, నలభై రోజులకి నడుచుకుంటూ తిరిగొచ్చాడని రాశాను. రాసేటప్పుడు ఎంత తెలివైనవాణ్ణో అనుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక కార్డు వచ్చింది. అవనిగడ్డ దగ్గర పల్లె. వంకర అక్షరాలు. "మా ఆయన కూడా దొరకలేదు. ఏడేళ్ళయింది. మీ కథలో ఆయన నలభై రోజులు ఎక్కడున్నారో మీరు రాయలేదు. ఎక్కడ ఉండి ఉంటారో చెప్పగలరా."

ఆ కార్డు జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. మూడో రోజు మీ తాతయ్య బల్ల దగ్గరికి వెళ్ళి ఇచ్చాను. ఎవరిదో ప్రోనోటు రాస్తున్నాడు. రాస్తున్నది ఆపి చదివాడు. తిప్పి అడ్రసు చూశాడు. మళ్ళీ చదివాడు. తిట్టలేదు. చేతికింద ఉన్న ప్రోనోటు చూపించి, "రోజుకి పది కాగితాల మీద 'ఏమనగా' అని రాస్తానురా. ఏమనగా అన్నాక చెప్పాలి. నువ్వు చెప్పేదేమీ లేకుండానే ఏమనగా అన్నావు" అన్నాడు. కార్డు నాకు తిరిగి ఇవ్వలేదు. జవాబు ఆయనే రాశాడు. ఏం రాశాడో చూపించలేదు, నేను అడగలేదు. మూడేళ్ళకి ఆయన పోయాక ట్రంకు పెట్టె అంతా వెతికాను, కార్డు కనపడలేదు.

సీరియల్ పదహారు వారాలకి ముగించేశారు. ఆ తర్వాత నేను నవల జోలికి పోలేదు. పదిహేడేళ్ళు ఇంకో వారపత్రికలో ఇతరుల కథలు చదివే ఉద్యోగం చేశాను. పది కవర్లు విప్పితే ఏడింట్లో సూర్యుడు ఉదయించేవాడు, మిగతా మూడింట్లో బస్సు ఆగేది. అయినా మొదటి వాక్యం బాగాలేదని నేను ఏ కథా తిప్పి పంపలేదు. ఆ భాగ్యం నాకొద్దు.

మార్క్వెజ్‌ని మళ్ళీ చదవటానికి పదేళ్ళు పట్టింది. అప్పుడు కనిపించింది. మంచుగడ్డ బాకీ మొదటి అధ్యాయం చివర్లోనే తీర్చేశాడు. తుపాకుల బాకీ తర్వాత తీర్చాడు, అదీ ఎలా, కల్నల్ అక్కడ చావనే చావడు! అన్నగారు వచ్చి ఆపుతాడు. పైగా ఆ మంచుగడ్డ ఆయన సొంతం. చిన్నప్పుడు తన ఊరు అరకతాకలో తాతగారు నిజంగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. ఆ తాతగారింటి కథ రాయాలని కుర్రతనం నుంచీ తంటాలు పడుతూనే ఉన్నాడు. పుస్తకం వచ్చింది 1967లో, నలభయ్యో ఏట. నాకు మంచుగడ్డ లేదు, నిమ్మకాయలున్నాయి. వాటితో మొదలుపెట్టి ఉండాల్సింది.

మొదటి పేరా మీద నెలలకి నెలలు గడిపానని ఆయనే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడుగా అని నువ్వు అంటావు. నాకు తెలుసు నువ్వు అంటావని, చిన్నప్పుడు కూడా అంతే. చెప్పాడు, నిజమే. అది దొరికితే మిగతాది సులువుగా వచ్చేస్తుందనీ చెప్పాడు. అప్పటికి ఆయన నాలుగు పుస్తకాలు రాసినవాడు. నీకు ఇది మొదటిది.

నీకు పనికొచ్చేది డ్యూ మారియర్, 'రెబెకా' రాసినావిడ. గోడ మీద కుడివైపు చివర, స్విచ్ బోర్డు పక్కన, సగం ఊడి వేలాడుతోంది చూడు. రాత్రి కలలో మళ్ళీ మాండర్లీ (కథలో ఇంటి పేరు) వెళ్ళాను అని ఎంత మెత్తగా మొదలవుతుంది. ఆవిడ ఆ నవల మొదలుపెట్టింది ఈజిప్టులో, అలెగ్జాండ్రియాలో, భర్త ఉద్యోగం అక్కడ. మొదట రాసిన పదిహేను వేల మాటలు చించి పారేసింది. ఇంకా విను: ఆ కలా ఆ పాడుబడ్డ ఇల్లూ మొదట్లో రాసినవి కావు. నవల చివర్లో ఉపసంహారంగా పెట్టుకున్నది తర్వాత తెచ్చి ముందు చేర్చింది. 1938లో అచ్చయింది, లక్షల్లో అమ్ముడుపోయింది. అట్లాంటాలో 'గాన్ విత్ ద విండ్' రాసిన మార్గరెట్ మిచెల్ అయితే చివరి అధ్యాయమే ముందు రాసింది. 1935లో న్యూయార్క్ నుంచి వచ్చిన ప్రచురణకర్త చేతికి కట్టలు కట్టలు కవర్లు ఇచ్చినప్పుడు అందులో సరైన మొదటి అధ్యాయమే లేదు. నాయిక పేరు అప్పటికి స్కార్లెట్ కూడా కాదు, పాన్సీ. ఆ నవల మొదటి వాక్యం అచ్చులోకి వచ్చింది మరుసటి ఏడాది.

అందుకని ఇవాళే ఒక పని చెయ్. కాగితం పైన "ఏమనగా" అని రాసి, కింద హాస్టల్ వంటావిడ తెల్లారుజామున నాలుగున్నరకి లేచి గ్రైండర్ కడిగే దగ్గర్నుంచి మొదలుపెట్టు. లేదా నీకు బాగా తెలిసిన రోజు నుంచి, ఆవిడకి జ్వరం వచ్చి నువ్వు అరవై మందికి ఉప్మా చేసిన రోజు నుంచి. ఆ రాత్రి ఫోన్ చేసి ఎంత ఏడ్చావో నాకు గుర్తుంది, అడుగంటిందని. అది ఏ అధ్యాయమో తర్వాత చూసుకోవచ్చు. పుస్తకం అయ్యాక "ఏమనగా" కొట్టేసి అక్కడ ఏం పెట్టాలో నీకే తెలుస్తుంది. తెలియకపోతే ఫోన్ చెయ్, అదీ రాత్రి తొమ్మిది లోపు.

నెలాఖరుకి నాకు నలభయ్యో పేజీ పంపు. మొదటి పేజీ పంపకు, చదవను. డబ్బుకి ఇబ్బంది అయితే మీ అమ్మకి చెప్పొద్దు, నాకు చెప్పు. నిమ్మకాయ పచ్చడి మీ పెద్దమ్మ కట్టి ఉంచింది, ఆదివారం మన పక్కింటి అబ్బాయి హైదరాబాద్ వస్తూ తెస్తాడు, సీసా మూత గట్టిగా ఉందో లేదో చూసి తీసుకో.

గోడ మీద కాగితాలు తీసేటప్పుడు చించకు. నాలుగు మూలలా గోటితో మెల్లగా లేపితే వచ్చేస్తాయి. వెనకవైపు అన్నీ తెల్లగానే ఉంటాయి, చిత్తుకి పనికొస్తాయి.

ఇట్లు
పెదనాన్న