బెండ ఆకులపై పసుపు పురుగులు: మందు కొట్టాల్సింది వాటికి కాదు

సందేహం: అర ఎకరంలో బెండ వేశాను. కాయ కోతలు నడుస్తున్నాయి. వారం నుంచి కింది ఆకుల మీద పసుపు రంగు అక్షింతల పురుగులు, వాటి పిల్ల పురుగులు గుంపులుగా కనిపిస్తున్నాయి. ఆకులపై తెల్లటి పొడి కూడా ఉంది. పోయిన ఏడు ఇలాంటి పురుగులే వంగ ఆకులను గోకి జల్లెడ చేశాయి. దుకాణంలో ప్రొఫెనోఫాస్ అనే పురుగుమందు ఇచ్చారు. పిచికారీ చేయమంటారా?
– ఒక రైతు, వికారాబాద్ జిల్లా

సమాధానం: ఆ సీసా మూత తీయకండి. మీరు పంపిన ఫోటోలను పెద్దవి చేసి చూశాను. తెల్లటి పొడి బూడిద తెగులు, అంటే ఆకు మీద పెరిగే ఒక శిలీంద్రం (బూజు). ఆ పురుగులు మేస్తున్నది ఆ తెగులునే, మీ బెండ ఆకును కాదు.

అక్షింతల పురుగు అనగానే మనకు పేనుబంకను తినే మిత్రపురుగో, వంగను గోకే శత్రుపురుగో గుర్తొస్తుంది. ఇది మూడో రకం. శాస్త్రీయ నామం ఇల్లీస్ సింక్టా. మల్బరీ తోటల్లో బూడిద తెగులు వచ్చినప్పుడు కూడా ఇది చేరుతుంది. వంగ మీది పురుగు ఇటుక రంగులో ఉంటుంది, ఒంటి మీద సన్నని నూగు వల్ల మెరుపు ఉండదు, రెక్కల నిండా నల్ల చుక్కలుంటాయి. దాని పిల్ల పురుగు ఒళ్లంతా ముళ్లే. మీ ఫోటోలోది నిగనిగలాడే నిమ్మపండు పసుపు. రెక్కల మీద ఒక్క చుక్క లేదు; తల వెనుక తెల్లటి పట్టీపై మాత్రం రెండు నల్ల చుక్కలున్నాయి. పిల్ల పురుగుకు ముళ్లుండవు, ఒంటి మీద నల్ల చుక్కలు వరుసలుగా ఉంటాయి.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. గాజు సీసాలో బూడిద పట్టిన ఆకు ఒకటి, శుభ్రమైన లేత ఆకు ఒకటి వేసి, అయిదారు పురుగులను వదిలి మూతికి పల్చటి గుడ్డ కట్టండి. తెల్లవారి చూస్తే తెల్లటి పొడిలో అక్కడక్కడా ఆకుపచ్చటి దారులు పడి ఉంటాయి. లేత ఆకు చెక్కుచెదరదు. ఈ జాతి పురుగుల దవడల మీద దువ్వెన పళ్లలాంటి చిన్న పళ్ల వరుస ఉంటుంది. దానితో శిలీంద్రాన్ని, దాని సిద్ధబీజాలను (విత్తనాల్లా తెగులును పాకించే రేణువులను) గీకి నోట్లో వేసుకుంటాయి. మొక్కల మీద ఉండే నల్లుల్లోనూ (మంచపు నల్లులు కాదు, సాలీడు జాతికి దగ్గరి అతి చిన్న జీవులు) ఇలాంటివి ఉన్నాయి. అమెరికాలో అడవి ద్రాక్ష ఆకు అడుగున, ఈనెలు కలిసే మూలల్లోని నూగులో కాపురముండే ఒక నల్లి ద్రాక్ష బూడిద తెగులును మేస్తుంది.

అలాగని తెగులు సంగతి ఈ పురుగులే చూసుకుంటాయని కూర్చోవద్దు. తెగులు బాగా పాకి, మేత దండిగా దొరికాకే ఇవి గుంపుగా వస్తాయి. అవి తినే వేగం కన్నా బూడిద పాకే వేగమే ఎక్కువ. మిగతా చాలా తెగుళ్లలా దీనికి ఆకు తడిసి ఉండనక్కర్లేదు. పొడి వాతావరణంలోనూ పాకుతుంది. మీ చేలో కింది ఆకులు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి కాబట్టి ఆలస్యం చేయకూడదు.

బాగా బూడిద పట్టిన ముదురు ఆకులను తుంచి, సంచిలో వేసి చేను బయటికి చేర్చండి. కోతకు వచ్చిన కాయలన్నీ కోసేశాక, నీటిలో కరిగే గంధకం లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి, ఆకు రెండు వైపులా తడిసేలా సాయంత్రం పూట పిచికారీ చేయండి. తెగులు ఆగకపోతే 10 రోజులకు మరోసారి కొట్టండి. మందు కొట్టాక మళ్లీ కాయ ఎన్నాళ్లకు కోయాలో ప్యాకెట్ మీద చూసి పాటించండి. ఎండ మండిపోతున్నప్పుడు గంధకం వద్దు. వేపనూనెతో కలపవద్దు, నూనె కొట్టి రెండు వారాలు కాకుండా కూడా వాడవద్దు. మేత తగ్గాక ఆ పురుగులు వాటంతట అవే వేరే చోటికి పోతాయి.

ప్రొఫెనోఫాస్ శిలీంద్రాన్ని చంపదు, బూడిద అలాగే ఉంటుంది. రోజు విడిచి రోజు కోసే కాయల్లో దాని అవశేషాలు మిగులుతాయి, మిత్రపురుగులూ పోతాయి. సీసా తెరవలేదు కనుక దుకాణంలో తిరిగిచ్చేయండి.

ఇంకొకటి. మీ మూడో ఫోటోలో కంచె మీద బీర తీగ కనిపించింది. గంధకం దాని మీద పడనివ్వకండి, దోస జాతి తీగల ఆకులు మాడిపోతాయి. గాలి అటు వీస్తుంటే ఆ పక్క రెండు సాళ్లు వదిలేసి, గాలి లేనప్పుడు కొట్టుకోండి.