ఫ్యాంటసీ నవలను ఏమందాం?

సందేహం: ఒక ఫ్యాంటసీ నవల గురించి రాస్తూ 'కాల్పనిక నవల' అన్నాను. తప్పు, 'జానపద నవల' అనాలని ఒకరన్నారు. 'అభూత కల్పన' అనొచ్చు గదా అని ఇంకొకరు. ఏది సరి? ఇంకో మాట. ఇలాంటి నవలల్లో ఏం జరిగినా చెల్లుతుంది గదా, మరి కొన్ని ఆకట్టుకుని, కొన్ని తేలిపోతాయెందుకు? - కావలి నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, 'కాల్పనిక నవల' అనడం తప్పని ఒకరన్న మాట నిజమే. కల్పనకు సంబంధించింది కాల్పనికం. ఆ లెక్కన అత్తాకోడళ్ల నవల కూడా కాల్పనికమే. అందులో ఎవరూ గాల్లో ఎగరకపోయినా కథ కల్పించిందే గదా. పైగా విమర్శకులు భావకవిత్వాన్ని కాల్పనిక కవిత్వం అంటుంటారు. ఆ మాట వినగానే కొందరికి రాక్షసుడు కాదు, ఊహాప్రేయసి గుర్తొస్తుంది.

'అభూత కల్పన' అర్థానికి భలే అతుకుతుంది: ఎన్నడూ లేనిదాన్ని కల్పించడం. కానీ వాడుకలో దాని పరువు పోయింది. 'ఆ ఆరోపణలన్నీ అభూత కల్పనలు' అని నాయకులు ఖండించీ ఖండించీ దాన్ని పచ్చి అబద్ధం కింద జమకట్టేశారు. ఇక ఏ రచయిత తన పుస్తకం అట్ట మీద వేసుకుంటాడు?

జానపదమంటే జనపదాల్లోది, పల్లెజనం నోటి మీద నడిచింది. సినిమాల పుణ్యమా అని కత్తియుద్ధం, మాంత్రికుడు, రాకుమారి ఉన్న ప్రతిదీ జానపదమైంది. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'ని అలాగే అంటాం. ఆ వాడుక స్థిరపడింది, నేను తప్పనను. కానీ ఒంగోలు బస్టాండులో నిలబడ్డ కుర్రాడు ఉన్నట్టుండి వేరే లోకంలో తేలితే ఆ కథను జానపదమనడం పొసగదు. అలాంటిదాన్ని నేను 'అద్భుత నవల' అంటాను. అద్భుతం మన నవరసాల్లోదే, దాని స్థాయీభావం, అంటే దానికి మూలమైన భావం, విస్మయం. ఫ్యాంటసీ అన్నా నాకు అభ్యంతరం లేదు, బ్యాంకు, క్యాంపు లాగా యవత్తుతో రాయండి. ఆ మాటకొస్తే 1878లో కందుకూరి వీరేశలింగం తన 'రాజశేఖర చరిత్ర'ను వచన ప్రబంధమనే అన్నారు. నవల అనే పేరు తర్వాత కుదిరింది.

ఇక మీ రెండో ప్రశ్న. ఏం జరిగినా చెల్లుతుందనుకున్న చోటే చాలా నవలలు దెబ్బతింటాయి. 13వ శతాబ్దంలో కేతన 'దశకుమార చరిత్ర'ను తెలుగు చేసి మన నెల్లూరి తిక్కనకు అంకితమిచ్చాడు. దాని మూలం, దండి రాసిన కథలో రాజవాహనుడనే రాకుమారుడు పాతాళానికి వెళ్తాడు. అక్కడ అతనికి ఒక మణి దొరుకుతుంది. ఆకలిదప్పులు పోగొట్టే మణి, అంతే. అదే అన్ని పనులూ చేసిపెట్టేట్టయితే పదిమంది కుమారులు దేశాలు పట్టి తిరగడమెందుకు? మహిమకు ఒక హద్దు ఉండాలి, పెట్టిన హద్దును రచయిత తానే దాటకూడదు. మొదటి అధ్యాయంలో మంత్రం వేస్తే సొమ్మసిల్లిన గురువు, చివర్లో హీరో కష్టంలో పడ్డాడని అదే మంత్రం వరసగా పదిసార్లు వేస్తే, చదివేవాడికి నవ్వొస్తుంది.

కందుకూరు దగ్గర మా ఊళ్లో అవ్వ శెనక్కాయలు వలుస్తూ బాలనాగమ్మ కథ చెప్పేది. బాలనాగమ్మను ఎత్తుకుపోయిన మాయలఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని చెప్పగానే నేను అడ్డం పడ్డాను: "అంత మంత్రగాడు ఆ చిలకని జోబిలోనే పెట్టుకోవచ్చు గదవ్వా?"

'కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు' అనేసి ఆమె నా నోరు మూయించొచ్చు. అలా చెయ్యలేదు. చేతిలో కాయ పక్కన పెట్టింది.

"జోబిలో ఉంటే, వాడు నిద్దరపోయినప్పుడు ఎవురైనా తీసుకోరంట్రా? అందుకే ఎవురూ పోలేని చోట పెట్టుకున్నాడు."

"మరి బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు పోయాడు గదా?"

"వాడు వాళ్లమ్మ కోసం పోయాడురా."