టెక్ సందేహాలు: మోటర్ మార్చే ముందు ఆ ఆప్ సంగతి చూడండి

సందేహం: నా రేడియో కంట్రోల్ కారులోని బ్రష్‌లెస్ మోటర్ బయలుదేరేటప్పుడు కుదుపులతో గిలగిలలాడుతోంది. ఆ తర్వాత నాలుగైదు నిమిషాలు బాగానే పరుగెత్తి, చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఆగిపోతోంది. మోటర్ పోయిందనుకుని కొత్తది వేస్తే రెండు వారాల్లో అదీ ఇదే దారి పట్టింది. ఈ మధ్య చేసిన మార్పులు రెండే: స్పీడ్ కంట్రోలర్‌కు (మోటరుకు వెళ్ళే కరెంటును నియంత్రించే పరికరం) ఫోన్ ఆప్ ద్వారా అప్‌డేట్ ఇచ్చాను, పినియన్ గేరును (మోటర్ ఇరుసు మీది చిన్న పళ్ళచక్రం) కొంచెం పెద్దది వేశాను. బ్యాటరీ కూడా కాస్త ఉబ్బినట్టుంది. ఇంకా శక్తిమంతమైన మోటర్ కొనమంటారా?

సమాధానం: వద్దు. కారు రకమూ మోటరు సైజూ మారుతున్నాయి గానీ ఇదే ఉత్తరం నాకు పదేపదే వస్తోంది, ప్రతిసారీ శిక్ష పడేది మోటరుకే. ముందుగా, ఉబ్బిన లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని ఇక చార్జింగులో పెట్టకండి. మండే వస్తువులకు దూరంగా తీసి ఉంచి, బ్యాటరీ వ్యర్థాలు తీసుకునేచోట అప్పగించండి. మిగతా సంగతులన్నీ దాని తర్వాతే.

పెద్ద మోటర్ ఎందుకు వద్దంటున్నానో ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. 3500 కేవీ మోటరంటే, బరువేమీ లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి 3500 చుట్లు తిరిగేదని అర్థం కాబట్టి, రెండు సెల్సున్న 7.4 వోల్టుల బ్యాటరీ మీద అది 25,900 చుట్లు తిరుగుతుంది. అదే గేర్లతో 4500 కేవీ మోటర్ బిగిస్తే ఈ సంఖ్య 33,300 అవుతుంది. అంత వేగంతో అవే చక్రాలను తోయడానికి కావలసిన అదనపు కరెంటు బ్యాటరీ నుంచే రావాలి, అందులో ఒక భాగం వేడిగానే పోవాలి. పినియన్ మార్పిడిలోనూ ఇదే జరుగుతుంది. పినియన్ తిప్పే పెద్ద గేరుకు, అంటే స్పర్ గేరుకు, 54 పళ్ళుండి, 18 పళ్ళ పినియన్ తీసి 20 పళ్ళది వేస్తే నిష్పత్తి 3.0 నుంచి 2.7కు దిగుతుంది, అంటే మీరు కారును ఎప్పుడూ ఒక గేరు ఎక్కువలోనే నడుపుతున్నట్టు. రెండు పళ్ళే కదా అనుకునేవాళ్ళు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మూడు నిమిషాలకోసారి మోటర్ ఒంటిని కొలిచి చూసుకుంటే ఆ మాట మళ్ళీ అనరు. 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరపడుతోందంటే వెంటనే ఆపి, పాత పినియన్‌కు వెళ్ళిపోవాలి, ఎందుకంటే సాధారణ రకం నియోడిమియం అయస్కాంతాలు ఆ చుట్టుపక్కల నుంచే శాశ్వతంగా బలం కోల్పోవడం మొదలుపెడతాయి. ఇందులో ఒక మాయ కూడా ఉంది: అయస్కాంతం నీరసించిన మోటర్, బరువు లేకుండా తిప్పి చూస్తే మునుపటికన్నా వేగంగా తిరుగుతుంది. యజమాని మురిసిపోతాడు. నిజానికి అంతే బలం ఇవ్వడానికి అది ఇప్పుడు ఎక్కువ కరెంటు తాగుతోంది.

పినియన్ మార్చినప్పుడు రెండు గేర్ల మధ్య సందును సరిచూడనివారు చాలామంది. మామూలు కాగితపు ముక్కను పళ్ళ మధ్య పెట్టి, మోటరును స్పర్ గేరు వైపు నొక్కి మరలు బిగించి, గేరును తిప్పి కాగితాన్ని బయటికి లాగితే, అది చిరగకుండా మడతలు పడి రావాలి. చిరిగిందంటే మోటర్ తన శక్తిలో కొంత గేర్లను నూరడానికే ఖర్చుపెడుతోంది.

ఇక కుదుపుల సంగతి. సెన్సర్ లేని మోటరులో రోటర్ (లోపల తిరిగే భాగం) ఎక్కడుందో స్పీడ్ కంట్రోలరుకు తెలిసేది, తిరుగుతున్న మోటర్ తిరిగి పుట్టించే వోల్టేజీ ద్వారానే. నిలబడి ఉన్నప్పుడు ఆ వోల్టేజీ ఉండదు గనక, బయలుదేరేటప్పుడు రవ్వంత తడబాటు సహజం. కొత్తగా మొదలైన కుదుపు మాత్రం సహజం కాదు. పినియన్ విప్పేసి, మోటరును ఒంటరిగా మెల్లగా తిప్పి చూడండి. అప్పుడూ కొట్టుకుంటూ ఉంటే కంట్రోలర్ నుంచి మోటరుకు వెళ్ళే మూడు ఫేజ్ తీగల్లో ఒకదానికి సరైన స్పర్శ లేదని అనుమానించాలి. నా సొంత కారు ఒకటి ఇలాగే నెల రోజులు ఏడిపించింది. చివరికి తీగ అతుకు మీద తొడిగిన హీట్‌ష్రింక్ గొట్టాన్ని బ్లేడుతో చీల్చి చూస్తే, నేను పెట్టిన టంకమే మెరుపు లేకుండా బూడిదరంగు గుళికలా గడ్డకట్టి ఉంది, తీగ దానిలో వదులుగా గుండ్రంగా తిరుగుతోంది. మళ్ళీ వేడిచేసి టంకం పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది.

మీ విషయంలో నా అనుమానం ఎక్కువగా ఆ అప్‌డేట్ మీదే. ఇలాంటి అప్‌డేట్ల తర్వాత అమరికలన్నీ చెప్పాపెట్టకుండా మొదటి విలువలకు వెళ్ళిపోవడం చాలాసార్లు చూశాను. బ్యాటరీ రకం లైపో నుంచి నికెల్ రకానికి మారితే, ఒక్కో సెల్లు 3.2 వోల్టుల దగ్గర ఆగవలసిన కారు 3 వోల్టులకు కిందికి దిగినా పరుగెడుతూనే ఉంటుంది, ఆ పరుగుకు మూల్యం ఉబ్బిన బ్యాటరీ. టైమింగ్, అంటే మోటర్ చుట్టలకు కరెంటు ఎంత ముందుగా అందాలన్న అమరిక, పెరిగి ఉంటే వేగమూ వేడీ రెండూ పెరుగుతాయి. త్రాటిల్ క్యాలిబ్రేషన్, అంటే ట్రిగ్గర్ ఏ స్థానం సున్నా, ఏది పూర్తి వేగం అని కంట్రోలరుకు నేర్పినది, చెరిగిపోతే, రిమోట్ ట్రిగ్గర్ వదిలేసినా కంట్రోలర్ దాన్ని సున్నాగా గుర్తించకపోవచ్చు. ప్రాణాపాయం తెచ్చే అమరికను మార్చేసి, తెర మీద ‘విజయవంతం’ అని పచ్చటి టిక్కు చూపించి ఊరుకునే డిజైనును నేను నిర్లక్ష్యమనే అంటాను.

ఆ ఆప్ ఎక్కడి నుంచి వచ్చింది అన్నది నన్ను ఇంకా ఎక్కువ కలవరపెడుతోంది. ఇటువంటి ఆప్‌లలో కొన్నింటికి ఆప్ స్టోరులో చోటే ఉండదు. మాన్యువల్ చివరి పేజీలో ఉన్న క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి, ‘తెలియని మూలాలు’ అనే అనుమతి ఇచ్చి, ఫైలును నేరుగా ఎక్కించుకోవాలి. ఆ కోడ్ చూపించే చిరునామాను తయారీదారు కొన్నేళ్ళకు వదిలేస్తే, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. అప్పుడు మీరు దించుకునేది ఎవరి ఫైలో మీకు తెలియదు. బొమ్మకారు కోసం తెరిచిన ఆ తలుపును తర్వాత మూసినవాళ్ళు నాకు అరుదుగా కనిపించారు, బ్యాంకు ఆప్ ఉన్నదీ ఆ ఫోనులోనే. అనుమతులదీ ఇదే తీరు. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరి కాబట్టి అప్పుడు అడగడంలో అర్థముంది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే అనుమతి ఉంది. ఇప్పటికీ లొకేషన్ అడుగుతోందంటే ఆ ఆప్‌ను ఎవరూ పట్టించుకోవడం లేదనుకోవాలి. కాంటాక్టులు అడిగితే మరో ఆలోచన లేకుండా తీసేయండి. కంట్రోలరును ఫోనుకు కలిపే బ్లూటూత్ మాడ్యూలుకు 0000 లేదా 1234 పిన్ అలాగే ఉంటే, పక్కన నిలబడ్డ ఎవరైనా మీ కారు అమరికల్లోకి రాగలరు. మార్చే వీలుంటే మార్చండి, లేకపోతే సెట్టింగులు పూర్తికాగానే మాడ్యూలును పీకి పక్కన పెట్టండి. కంట్రోలర్ మీది ఒక మీటా, మూడు బీప్‌లతో జరిగిపోయే పనికి ఫోనూ, లాగినూ, క్లౌడూ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సందేహం: ట్రాన్స్‌మిటర్ ముందుగా ఆపేస్తే నా కారు ఆగకుండా దూసుకుపోయి గోడకు కొట్టుకుంది. మోటర్ లోపమా?

సమాధానం: కాదు. కారులో సిగ్నల్ అందుకునే రిసీవరులో ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ఏం చేయాలో చెప్పే అమరిక) సరిగా పెట్టలేదు, అది సిగ్నల్ పోయినప్పుడు చివరి ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంది. చాలా సెట్లలో బైండ్ చేసే (ట్రాన్స్‌మిటరునూ రిసీవరునూ జత కలిపే) క్షణంలో ట్రిగ్గర్ ఎక్కడుంటే అదే ఫెయిల్‌సేఫ్‌గా నమోదవుతుంది కాబట్టి, ట్రిగ్గర్ పూర్తిగా వదిలేసి మళ్ళీ బైండ్ చేయండి. తర్వాత చక్రాలు నేలకు తగలకుండా కారును ఒక డబ్బా మీద నిలబెట్టి, ట్రిగ్గర్ సగం నొక్కి ఉంచి ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. చక్రాలు ఒకటి రెండు సెకన్లలో నిలిచిపోవాలి. ఇక మీదట ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి తర్వాత కారు, ఆపేటప్పుడు ముందు కారు ఆపి తర్వాత ట్రాన్స్‌మిటర్.