కదిలేటప్పుడు స్కూటర్ వణికితే ఇంజన్ విప్పాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: విజయనగరంలో అయిదేళ్ల నాటి 110 సీసీ స్కూటర్, 38 వేల కిలోమీటర్లు తిరిగింది. సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదిలేటప్పుడు బండంతా గడగడా వణుకుతోంది, 20 స్పీడు దాటాక ఆ వణుకు పోతోంది. ఇంజన్ బోరుకొచ్చింది (అంటే పిస్టన్ ఆడే సిలిండర్ అరిగింది), విప్పాలి, ఎనిమిది వేలవుతుందని మెకానిక్ అన్నారు. ఒప్పుకోవాలా అని అడిగారు.

ఇప్పుడే ఒప్పుకోకండి. ముందు ఎడమ పక్క ఉండే బెల్ట్ కవర్ విప్పించి చూడండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, సరిగ్గా ఇదే వణుకుతో నేను డబ్బు పోగొట్టుకోవడమే.

మాది నరసన్నపేట. ఉద్యోగం టెక్కలిలో, స్కూల్లో. రోజూ స్కూటర్ మీదే రాకపోకలు. టెక్కలి చుట్టుపక్కలంతా గ్రానైట్ క్వారీలు కాబట్టి లారీల వెనక ఆ తెల్లటి దుమ్ములోనే వెళ్లాలి. 2022 వేసవిలో మీ బండిలాగే నా బండీ కదిలే ముందు వణకడం మొదలుపెట్టింది. ఒక షాపులో చూపిస్తే బోరు, పిస్టన్ మార్చాలన్నారు, మార్చారు. ఆరువేల అయిదు వందలు కట్టి బండి బయటికి తీశాను. గేటు దాటకముందే మళ్లీ అదే వణుకు. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

తర్వాత కోటబొమ్మాళి దగ్గర రోడ్డు పక్కన ఒక చిన్న షెడ్డులో ఆపాను. అక్కడి పెద్దాయన పానా చేతిలోకి తీసుకోకముందే ఒక్క మాట అడిగారు: "ఎప్పుడొణుకుతాది మేడమ్? నిలుసున్నప్పుడా, కదిలినప్పుడా, పరిగెట్టినప్పుడా?" కదిలినప్పుడు అన్నాను. "అయితే ఇంజన్ కాదు" అని కవర్ విప్పారు. లోపల క్లచ్ బెల్ అనే గిన్నె నిండా నల్లటి పొడి, దాని గోడ మీద వేడికి నీలిరంగు మచ్చలు. బెల్ లోపలి గోడనీ, ఆ గోడను పట్టుకునే షూలనీ ఎమిరీ కాగితంతో రుద్ది, పొడి తుడిచి బిగించారు. లేబర్ 250 తీసుకున్నారు. వణుకు పోయింది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే మెకానిక్‌తో మాట్లాడటం తేలికవుతుంది. గేర్లు లేని స్కూటర్లో ఇంజన్ శక్తి ముందు పుల్లీ నుంచి బెల్ట్ మీదుగా వెనక పుల్లీకి, అక్కడి నుంచి క్లచ్‌కి, ఆపైన చిన్న గేర్‌బాక్సు ద్వారా చక్రానికి వెళుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు క్లచ్ షూలు స్ప్రింగుల పట్టులో లోపలికి ముడుచుకుని ఉంటాయి. ఎక్సలేటర్ ఇస్తే తిరిగే వేగానికి అవి బయటికి విచ్చుకుని, గిన్నెలాంటి బెల్ గోడను పట్టుకుంటాయి. గోడ నున్నబడినా, మధ్యలో పొడి చేరినా పట్టు సమానంగా దొరకదు. పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం సెకనుకు చాలాసార్లు జరుగుతుంది. మీకు తెలుస్తున్న వణుకు అదే. 20 దాటేసరికి షూలు పూర్తిగా పట్టేస్తాయి కాబట్టి ఆగిపోతుంది. బోరు అరిగితే కనబడేవి వేరు: సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ, ఆయిల్ తరిగిపోవడం, పొద్దున్న స్టార్ట్ కాకపోవడం, పికప్ పడిపోవడం. అవేవీ లేకుండా కదిలేటప్పుడు మాత్రమే వణికే బండికి బోరు పని ఎందుకు చేయించాలి?

కవర్ తీసినప్పుడు మీరు అక్కడే ఉండండి. షూల లైనింగ్ మూడింటిలోనూ ఒకేలా అరిగిందా, బెల్ లోపల గీతలు పడ్డాయా, బెల్ట్ పళ్ల మధ్య పగుళ్లున్నాయా మీ కళ్లతో చూడండి. లైనింగ్ బాగా పల్చబడితే రుద్దినా లాభం లేదు, షూలు మార్చాల్సిందే. ఆ పొడిని నోటితో ఊదనివ్వకండి, గాలి గొట్టంతో మొహం మీదికి కొట్టనివ్వకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. వెనక పుల్లీ అసెంబ్లీలో గట్టి స్ప్రింగు నొక్కి పెట్టి ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా నట్టు విప్పితే ఎగిరి మొహానికి తగులుతుంది. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు.

రెండు నెలలకు నా బండిలో వణుకు మళ్లీ తొంగిచూసింది. తప్పు నాదే. లారీల వెనక నెమ్మదిగా పాకేటప్పుడు ఒక చేత్తో బ్రేకు పట్టి, ఇంకో చేత్తో ఎక్సలేటర్ ఇస్తూ ఉండేదాన్ని. అలా చేస్తే షూలు సగం పట్టి సగం జారుతూ వేడెక్కి గాజులా నున్నబడతాయి. ఇప్పుడు ముందు బండి కాస్త దూరం జరిగేదాకా ఆగి, అప్పుడు ఒక్కసారి కదులుతాను. మీరు కూడా బస్సు కాంప్లెక్స్ దగ్గర రద్దీలో ఏం చేస్తున్నారో ఒకసారి గమనించుకోండి.

మీ వణుకు నేననుకున్నది కాకపోతే ఆ పెద్దాయన అడిగిన మిగతా రెండు ప్రశ్నలు పనికొస్తాయి.

నిలబడి ఉన్నప్పుడే వణికి, కొంచెం ఎక్సలేటర్ ఇవ్వగానే తగ్గితే ముందు ఐడ్లింగ్ (ఎక్సలేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగం), స్పార్క్ ప్లగ్ చూపించండి. ఐడ్లింగ్ తక్కువైతే ఇంజన్ కుంటుతుంది. మరీ ఎక్కువైతే ఆగి ఉండగానే క్లచ్ పట్టబోయి, బ్రేకు కింద బండి వణుకుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) స్కూటర్లలో దాదాపు వేటికీ కార్బురేటర్ లేదు కాబట్టి కార్బురేటర్ స్క్రూ తిప్పి సరిచేస్తామంటే నమ్మకండి. అవి సరిగ్గా ఉన్నా వణుకుతుంటే ఇంజన్ బుష్ అనుకోవాలి. మన స్కూటర్లలో ఇంజన్, వెనక చక్రం కలిసి ఒకే ముద్ద. ఆ ముద్ద మొత్తం రబ్బరు బుష్‌ల మీద చాసిస్‌కి వేలాడుతుంది. రబ్బరు ఎండిపోతే ఇంజన్ కదలిక నేరుగా ఫుట్‌బోర్డుకీ హ్యాండిల్‌కీ వస్తుంది. 2024లో నాకు ఇదే జరిగింది. కనిపెట్టడం తేలిక: బండి సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి, వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. చక్రంతో పాటు ఇంజన్ కూడా లూజుగా ఊగితే బుష్. ఇంజన్ కదలకుండా చక్రం మాత్రమే ఊగితే యాక్సిల్ నట్టో, బేరింగో. ఆ రెండోది కనిపిస్తే ఆ రోజే బాగు చేయించండి, ఆ స్థితిలో నడపడం ప్రమాదం. సైలెన్సర్ బోల్టులు కూడా చేత్తో చూడండి. ఒక్క బోల్టు లూజైనా బండంతా జివ్వుమంటుంది.

పరిగెత్తేటప్పుడు వస్తే ఖాళీ రోడ్డు మీద 50లో వెళ్తూ ఎక్సలేటర్ వదిలేయండి. స్పీడు అలాగే ఉండి ఇంజన్ శబ్దం తగ్గినా వణుకు పోకపోతే అది చక్రాలది: టైరు, రిమ్ము వంకర, బేరింగు. మా ఊళ్లో చాలామంది రెండు టైర్లకూ ఒకే గాలి కొట్టించేస్తారు. ముందుకీ వెనక్కీ, ఒక్కరు ఎక్కితే ఒకటీ ఇద్దరెక్కితే ఒకటీ, కంపెనీ ఇచ్చిన లెక్క వేరుగా ఉంటుంది. బండి మీద ఉండే స్టిక్కరు చూసి గాలి కొట్టేవారికి చెప్పండి. వదలగానే వణుకు పోయి, ఎక్సలేటర్ ఇస్తే మళ్లీ వస్తే ముందు పుల్లీలోని రోలర్లు చూడాలి. గుండ్రంగా ఉండాల్సినవి ఒక పక్క చదునుగా అరుగుతాయి. అప్పుడు ఇంజన్ అరుస్తుంది కానీ స్పీడు అందుకోదు, మధ్యలో కుదుపు వస్తుంది. మారిస్తే సెట్టు మొత్తం మార్పించండి.

ఇవన్నీ చూశాక కూడా ఇంజనేనని మెకానిక్ అంటే ఒక పరీక్ష ఉంది. బెల్ట్ తీసేసి, ముందు పుల్లీ నట్టు గట్టిగా బిగించి, రేజ్ చేయకుండా కొన్ని క్షణాలు మాత్రం ఐడ్లింగ్‌లో స్టార్ట్ చేయమనండి. చేతులు దూరంగా ఉంచాలి. బెల్ట్ లేకుండా కూడా గరగర శబ్దంతో గట్టిగా వణికితే అప్పుడు ఇంజన్ లోపలి క్రాంక్ బేరింగ్ (పిస్టన్ తిప్పే ఇరుసును మోసే బేరింగ్) మాట మాట్లాడుకోవచ్చు. మీరు రాసిన లక్షణాలను బట్టి అంతదాకా రాదనే నా నమ్మకం. టెన్షన్ పడకండి. కవర్ విప్పాక బెల్ లోపల ఏ రంగు కనిపించిందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.