సెంటు చేస్తానంటున్న మా బుజ్జికి

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. సెంటు చెయ్యడానికి పన్నెండు రకాల ఎసెన్షియల్ ఆయిల్స్, అంటే మొక్కల నుంచి తీసే వాసన నూనెల సెట్ ఆర్డర్ పెట్టానన్నావు, కుదిరితే ఇప్పుడే క్యాన్సిల్ చేసేయ్. నీకు కావలసింది మూడంటే మూడు నూనెలు, 10 మిల్లీలీటర్ల గాజు రోల్-ఆన్ సీసా, వాటిని పలచన చెయ్యడానికి జొజోబా గింజల నూనె, ఒక నోట్‌బుక్కు. ఇంట్లో పన్నెండు ఉంటే పన్నెండూ కలపాలనిపిస్తుంది, నాకు తెలుసు, నేనూ అదే చేశాను.

ఆ సెట్లలో వచ్చే మల్లె నూనె సంగతి కూడా విను. మల్లెపూల వాసన ఆవిరి వేడికి తట్టుకోదు, అందుకే అసలైనదాన్ని సాల్వెంట్‌తో, అంటే వాసనని కరిగించుకునే ద్రవంతో తీస్తారు, అబ్సల్యూట్ అంటారు దాన్ని, చిటికెడు సీసాకి బుట్టలకొద్దీ పూలు కావాలి. అలాంటిది వంద, నూటయాభైకి ‘ప్యూర్ జాస్మిన్’ అని అమ్ముతున్నారంటే అది ఫ్రాగ్రెన్స్ ఆయిలే, అంటే కృత్రిమంగా చేసిన వాసన నూనె. వాసన బాగానే ఉంటుంది, కాదనను, కానీ అదీ ఇదీ ఒకటి కాదు. పాతకాలంలో అయితే నువ్వుల మధ్య మల్లెపూలు పొరలుగా పరిచి, వాడినవి తీసేసి మళ్ళీ తాజావి వేసి, నువ్వులకి వాసన బాగా పట్టాక గానుగ ఆడించేవారు.

మొదట సీసాలో వట్టివేరు నూనె వెయ్యి. అది చిక్కగా ఉంటుంది, ఆ నూనె సీసా వంచితే చుక్క అంచునే వేలాడుతూ ఉంటుంది కానీ పడదు, విసుగొచ్చి కుదిపావో నాలుగు చుక్కలు ఒకేసారి పడి మిగతావాటిని మింగేస్తాయి. ఆ నూనె సీసాని అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టు, అదే దిగుతుంది. రెండు చుక్కలు చాలు. ఎండాకాలం కిటికీకి కట్టి నీళ్ళు చల్లే వట్టివేళ్ల తడక ఉంటుంది చూడు, ఆ వాసనే, కాకపోతే ఇంకా మట్టిగా, కొంచెం పొగగా. దాని మీద లావెండర్ నాలుగు చుక్కలు, కమలాతొక్క నూనె నాలుగు. మొత్తం పది, అంటే దాదాపు అర మిల్లీలీటరు, మిగతాదంతా జొజోబా. కమలా ముందు గుప్పుమని గంటలోపే ఎగిరిపోతుంది, తర్వాత కాసేపు లావెండర్, సాయంత్రానికి ఒంటి మీద మిగిలేది వట్టివేరే. అందుకని వాసన నిలవట్లేదు పెద్దమ్మా అంటూ ఇంకో పది చుక్కల కమలా పొయ్యకు.

నా మొదటి ప్రయోగంలో లవంగ నూనె, దాల్చినచెక్క నూనె ధారాళంగా వేసి, మెడకి రాసుకుని ఓ పెళ్ళికి వెళ్ళాను. తలంబ్రాల వేళకి మెడంతా ఎర్రగా కందిపోయి ఒకటే మంట, పైగా పక్కన కూర్చున్నావిడ “పంటినొప్పా అండీ?” అని అడిగింది. ఆ రెంటి జోలికి నువ్వు వెళ్ళకు. ఏది కలిపినా ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడు. మామూలుగా తొక్క పిండి తీసిన నిమ్మ, బెర్గమాట్ (అదీ నిమ్మజాతి పండే) నూనెలు రాసుకుని మన ఎండల్లోకి వెళ్తే చర్మం కమిలి మచ్చలు పడతాయి, కమలాతో ఆ టెన్షన్ లేదు. స్ప్రే చేద్దామని సర్జికల్ స్పిరిట్టో శానిటైజరో పొయ్యకు, ఆసుపత్రి వార్డు కంపు కొడుతుంది. పట్టుచీరకి మాత్రం తగలనివ్వకు, నూనె మరక వదలదు.

కలిపిన రోజే మూత తీసి పెదవి విరవకు. ఘాటుగా, దేనికదే విడివిడిగా ఉంటుంది, రెండు మూడు వారాలు బీరువాలో చీకట్లో పెడితే కలుస్తాయి. ఈలోపు పాత శుభలేఖ అట్టని సన్నగా చీల్చి, ఒక చుక్క అంటించి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వాసన చూసి రాసుకో. ఏది ఎన్ని చుక్కలు వేశావో కలిపేటప్పుడే రాయాలి, తర్వాత గుర్తుండదు. నాకు ఒక సీసా అద్భుతంగా కుదిరింది, ఆరేళ్ళయింది, ఇప్పటికీ మళ్ళీ చెయ్యలేకపోయాను.

మూడో వారం ఆ పేజీ ఫొటో తీసి పంపు. లావెండర్ ఎక్కువేసి ఉంటావని ఇప్పటినుంచే నా అనుమానం.

పెద్దమ్మ